ఓడకు తలుపు ఎక్కడ పెట్టాలి?

1914 అక్టోబరు 16న బొంబాయి రేవు నుంచి ఒక ఓడల బారు బయలుదేరింది. అందులో సుమారు 8,000 మంది సైనికులున్నారు. వాళ్లలో ఎక్కువమంది మన సిపాయిలే. మొదటి ప్రపంచయుద్ధం మొదలై అప్పటికి రెండున్నర నెలలు. ఆ ఓడలు వెళ్లవలసిన చోటు తూర్పు ఆఫ్రికాలో అప్పటి జర్మన్ వలసరాజ్యంలోని టాంగా రేవు. ఆ ఊరు ఇప్పుడు టాంజానియాలో ఉంది.

ఆ దండులో 61వ పయనీర్లు, 63వ పాలంకోట పటాలం పాత మద్రాసు సైన్యం నుంచి వచ్చినవి. తమిళులు, తెలుగువాళ్లు, ముస్లిములు చేరే సైన్యం అది. 98వ పటాలం ఒకప్పటి హైదరాబాదు కంటింజెంటుది. కిక్కిరిసిన ఓడల్లో రోజుల తరబడి ఊగి, తిండి సహించక, వాంతులతో నీరసించి వీళ్లు నవంబరు 2న టాంగా ముందుకు చేరారు.

ఆ రాత్రి మొదటి జట్లను లైటర్లలోకి దింపారు. లైటర్ అంటే ఓడకూ ఒడ్డుకూ మధ్య సరుకు మోసే వెడల్పాటి పడవ. చిన్న ఆవిరి పడవలు వాటిని లాక్కుని వెళ్లాయి. ఒడ్డు ఇంకా దూరంగా ఉండగానే లైటర్లు నేల తగిలి ఆగిపోయాయి. సిపాయిలు తుపాకులు పైకెత్తి పట్టుకుని, నీళ్లలోకి దూకి నడిచారు. ఎదురుగా మడ అడవి, దాని వెనుక గట్టు. దండు అంతా ఒడ్డు చేరేసరికి నవంబరు 4వ తేదీ ఉదయమైంది.

ఈలోగా జర్మన్ల వైపు ఏం జరిగింది? వాళ్ల సేనాని లెటో-ఫోర్బెక్ లోపలి మోషీ నుంచి రైలు మీద బలగాల్ని దింపుకుంటున్నాడు. అతని దగ్గర ఉన్నదంతా కలిపి సుమారు వెయ్యిమంది. కానీ రైలు పెట్టె తలుపు తీస్తే మనిషి నేల మీద కాలు పెడతాడు. ఓడ తలుపు తీస్తే సముద్రంలో పెడతాడు. తేడా అదే. నవంబరు 4న జరిగిన పోరులో తుపాకులకు తోడు, రేగిన తేనెటీగలు కూడా సిపాయిల్ని చెదరగొట్టాయి. మర్నాడు దండు తిరిగి ఓడలెక్కింది. వందలకొద్దీ తుపాకులు, 16 మరతుపాకులు ఒడ్డునే ఉండిపోయాయి. ఎనిమిది వందలకు పైగా సైనికులు చనిపోవడమో, గాయపడడమో, గల్లంతవడమో జరిగింది.

ఓటమికి కారణం సిపాయిల పిరికితనమే అన్నారు. ముఖ్యంగా 63వ పటాలాన్ని తిట్టిపోశారు. ఆ పటాలం చెదిరిన మాట నిజమే. కానీ దాడికి ముందే ఊరి పెద్దలకు కబురు పెట్టి జర్మన్లను హెచ్చరించినది సిపాయిలు కాదు. సరైన పటాలు లేకుండా దిగే చోటు ఎంచినదీ వాళ్లు కాదు. వాళ్లను ఒడ్డుకు చేర్చడానికి తగిన ఒక్క పడవైనా ఆ ఓడల బారులో లేదు. నిజానికి అటువంటి పడవ అప్పటికి బ్రిటిష్ వాళ్ల దగ్గర ఎక్కడా లేదు. దాన్ని తయారుచేయడం ఎలాగో నేర్చుకోవడానికి మరో పాతికేళ్లు పట్టింది. ఈ వ్యాసం ఆ పాతికేళ్ల గురించి.

లోతు లెక్క

ముందు ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఓడ అడుగు నీటి మట్టానికి ఎంత కిందికి ఉంటుందో ఆ కొలతను ఇంజనీర్లు డ్రాఫ్ట్ అంటారు. మనం దీన్ని మునక అందాం. సముద్రం దాటే ఓడకు మునక ఎక్కువ ఉండాలి. లేకపోతే గాలికి, కెరటానికి నిలవదు. ఏడెనిమిది మీటర్ల మునక పెద్ద ఓడకు మామూలే.

ఇసుక తీరం ప్రతి 50 మీటర్లకు ఒక మీటరు చొప్పున లోతవుతోందనుకోండి. 8 మీటర్ల మునక ఉన్న ఓడ ఒడ్డుకు 400 మీటర్ల దూరంలోనే నేల తగులుతుంది. మీటరు మునక ఉన్న పడవైతే 50 మీటర్ల దూరంలో ఆగుతుంది. అక్కడ దిగిన మనిషికి నీళ్లు నడుము దాకా వస్తాయి. వీపు మీద పాతిక కిలోల బరువుతో, అలలు నెడుతుంటే, కాలికింద ఇసుక జారుతుంటే ఆ 50 మీటర్లు నడవాలి. మునక 30 సెంటీమీటర్లే అయితే నడక 15 మీటర్లకు తగ్గుతుంది. తీరం వాలు ఇంకా తక్కువైతే ఈ దూరాలన్నీ పెరుగుతాయి.

అంటే ఓడ కోరేది లోతు, ఒడ్డు కోరేది చదును. ఒక్క వస్తువు ఈ రెండూ ఎలా అవుతుంది?

ఈ చిక్కు మన కోస్తా వాళ్లకు కొత్త కాదు. మద్రాసులో రేవు కట్టక ముందు, విశాఖపట్నంలో 1933లో రేవు తెరవక ముందు, పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకుని నిలబడేవి. మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకు చేర్చేవి మసులా పడవలు. వాటి పలకల్ని మేకులతో కొట్టరు, కొబ్బరి తాడుతో కుడతారు. అడుగు చదును. కెరటం ఎత్తి ఇసుక మీద పడేస్తే, మేకులు కొట్టిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ వంగి ఊరుకుంటుంది. ఈస్టిండియా కంపెనీ సోల్జర్లు కూడా మద్రాసులో ఈ పడవల్లోనే దిగేవారు. కానీ మసులా పడవలో నుంచి మనుషులు ఒకరి వెనుక ఒకరు అంచు దాటి దిగాలి. ఎదురుగా తుపాకులు లేనప్పుడు దానికేం ఇబ్బంది లేదు. తుపాకులు ఉన్నప్పుడే లోతుతో పాటు ఇంకో లెక్క వచ్చి పడుతుంది. అది తలుపు లెక్క.

ట్రాయ్ గుర్రం వంటి బొగ్గు ఓడ

టాంగా జరిగిన ఆరు నెలలకు, 1915 ఏప్రిల్ 25న, బ్రిటిష్, ఫ్రెంచి సేనలు టర్కీలోని గల్లిపోలి ద్వీపకల్పం మీద దిగాయి. దిగిన చోట్లలో ఒకటి సెద్దుల్‌బహిర్ కోట పక్కనున్న చిన్న ఇసుక తీరం. సైనిక పటాల్లో దాని పేరు వి-బీచి.

అక్కడ ఎక్కువమంది సైనికుల్ని ఒకేసారి, గుండు తగలకుండా ఒడ్డుకు చేర్చాలి. కమాండర్ ఎడ్వర్డ్ అన్విన్ అనే నావికాధికారికి ఒక ఆలోచన వచ్చింది. రివర్ క్లైడ్ అనే బొగ్గు ఓడ ఒకటి ఉంది. 1905లో కట్టినది, నాలుగువేల టన్నులకు కాస్త తక్కువ. దాని పొట్టలో 2,000 మందిని కూర్చోబెట్టి, ఓడను తిన్నగా ఒడ్డుకు గుద్దించి నిలబెడదాం అన్నాడు. ఓడ పక్క గోడల ఇనుపరేకుకు తలుపులు కోశారు. ఆ తలుపుల నుంచి ముందువైపుకు చెక్క నడవాలు వేలాడదీశారు. ఓడ ఆగిన చోటుకూ ఒడ్డుకూ మధ్య నీళ్లు మిగులుతాయి గదా! అక్కడ లైటర్లను వరసగా నిలిపి వంతెన చేయాలి. ఓడ ముందుభాగంలో ఇసుక బస్తాల చాటున మరతుపాకులు పెట్టారు. పురాణ కథలోని ట్రాయ్ నగరం సరిగ్గా ఆ జలసంధి ఆవలి ఒడ్డునే ఉండేది. అందువల్ల అందరికీ కొయ్యగుర్రం కథే గుర్తుకొచ్చింది.

పొద్దున ఆరు దాటాక ఓడ నేల తగిలింది. అనుకున్నదానికంటే కొంచెం దూరంలోనే ఆగింది. వంతెనగా నిలవాల్సిన చిన్న ఆవిరి పడవ పక్కకు కొట్టుకుపోయింది. అన్విన్, విలియమ్స్ అనే నావికుడు నీళ్లలోకి దూకి, లైటర్ల తాళ్లను చేతులతో పట్టుకుని వాటిని నిలబెట్టారు. అప్పుడు ఐరిష్ సైనికులు తలుపుల్లోంచి బయటికి వచ్చారు.

ఇక్కడ తలుపు లెక్క చూడండి. నడవా మీద ఒకరి వెనుక ఒకరు పోవాలి. సెకనుకు ఒక్కో మనిషి చొప్పున, ఎవరూ తడబడకుండా, ఎవరూ పడిపోకుండా నడిచినా, రెండు నడవాల మీదుగా 2,000 మంది దిగడానికి వెయ్యి సెకన్లు, అంటే దాదాపు 17 నిమిషాలు కావాలి. ఎదుటి ఎత్తు మీద ఉన్న టర్కీ సైనికులకు గురి ఎక్కడ పెట్టాలో వెతుక్కునే పని లేదు. ఆ తలుపుల మీద పెడితే చాలు. ముందు వచ్చినవాళ్లు నడవా మీదే కూలిపోయారు. వెనుకవాళ్లు వాళ్లను దాటుకుని రావలసి వచ్చింది. నీళ్లలో పడ్డవాళ్లు మూటల బరువుకు మునిగిపోయారు. కాసేపటికి దింపడం ఆపేశారు. సుమారు వెయ్యిమంది చీకటి పడేదాకా ఓడ కడుపులోనే కూర్చుని, రాత్రి దిగారు. పగలు ఆ పని చేయలేనిచోట చీకటి చేసింది.

ఆనాటి ఆ పనికి నౌకాదళానికి చెందిన ఆరుగురికి విక్టోరియా క్రాసులు దక్కాయి. ఇంజనీరుకు మాత్రం ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, ఇనుప గోడ వెనుక ఉన్నంతసేపు మనిషి క్షేమం. ఈ సంగతిలో అన్విన్ లెక్క తప్పలేదు. రెండు, ఆ క్షేమం తలుపు దగ్గర ఆగిపోతుంది. కాబట్టి తలుపు వెడల్పుగా ఉండాలి, ముందువైపు ఉండాలి, నేలకు ఆనాలి.

రివర్ క్లైడ్ కథ ఆ రోజుతో ముగియలేదు. గల్లిపోలి పోరు ముగిసేదాకా అది అక్కడే నిలబడి అలల్ని ఆపే గోడగా, సరుకు దించే రేవుగా పనికొచ్చింది. యుద్ధం తరువాత దాన్ని బయటికి లాగి బాగుచేసి, స్పెయిన్ వాళ్లకు అమ్మారు. 1966 దాకా మామూలు సరుకు ఓడగా తిరిగింది.

నల్ల పేడపురుగులు

విచిత్రమేమిటంటే, వి-బీచిలో ఇదంతా జరుగుతున్న రోజుకే కావలసిన పడవ ఇంగ్లండులో తయారవుతోంది. నౌకాదళాధిపతి లార్డ్ ఫిషర్ మనసులో గల్లిపోలి లేదు. బాల్టిక్ సముద్రంలోంచి జర్మనీ ఉత్తర తీరం మీద సేనల్ని దింపాలని ఆయన కల. దాని కోసం 1915 ఫిబ్రవరిలో కొత్తరకం పడవలు కావాలన్నాడు. వాల్టర్ పొల్లాక్ అనే నౌకా రూపశిల్పి నమూనా గీశాడు. ఏకంగా 200 పడవలకు ఉత్తర్వు వెళ్లింది. వాటికి ఎక్స్-లైటర్లు అని పేరు.

పొడవు 105 అడుగులు, వెడల్పు 21 అడుగులు, మునక సుమారు మూడున్నర అడుగులు. లోపల 500 మంది నిలబడగలరు. పక్కలకూ పైకప్పుకూ గుండు దూరని ఇనుపరేకు. ముందుభాగం చెంచా ఆకారంలో పైకి లేచి ఉంటుంది. అందువల్ల వెనుకకంటే ముందు తక్కువ లోతులో మునుగుతుంది, ఇసుక మీదికి జారి ఎక్కుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది ముక్కు దగ్గర తగిలించిన వాలుబల్ల. ఒడ్డు తగలగానే తాళ్లు వదిలితే అది ముందుకు వాలుతుంది, దాని మీదుగా సైనికులు దిగిపోతారు. నూనె ఇంజను ఉంది కనుక ఇంకో పడవ లాగనక్కరలేదు. ఆ రోజుల్లో ఇంజన్లకు కరువు. ఎక్కడ ఏ రకం దొరికితే అది బిగించారు. వేగం గంటకు అయిదు నాట్లే, అంటే సుమారు 9 కిలోమీటర్లు. నల్లరంగు పూసి, వాలుబల్లను మోసే రెండు దూలాలు కొమ్ముల్లా ముందుకు చాచి ఉండటంతో సైనికులు వాటిని పేడపురుగులు అన్నారు.

1915 ఆగస్టు 6 రాత్రి ఇవి గల్లిపోలిలోనే సువ్లా తీరానికి వచ్చాయి. వాటిని నడిపించే బాధ్యత మళ్లీ ఆ అన్విన్‌దే. అఖాతానికి దక్షిణాన ఉన్న తీరంలో పడవలు అనుకున్నట్టే పనిచేశాయి. వాలుబల్లలు వాలాయి, వేలమంది నష్టం లేకుండా ఒడ్డెక్కారు. నాలుగు నెలల కిందటి వి-బీచితో పోల్చి చూస్తే ఇదెంత తేడానో తెలుస్తుంది. కానీ అఖాతం లోపల కొన్ని పడవలు నీటి కింది దిబ్బలకు తగిలి దూరంలోనే చిక్కుకున్నాయి. అందులోని వాళ్లు మెడలోతు నీళ్లలో నడవక తప్పలేదు. పడవ ఎంత మంచిదైనా, నీటి కింద ఏముందో పటం చెప్పకపోతే ఏం లాభం?

ఆ తరువాత వచ్చిన కష్టం వేరు. మనుషులు వేగంగా దిగారు. వాళ్ల వెనుక రావలసిన మంచినీళ్లు, కంచరగాడిదలు, ఫిరంగులు అంత వేగంగా రాలేదు. ఆగస్టు ఎండలో నాలుకలు పిడచకట్టి, పైవాళ్ల ఆజ్ఞల కోసం ఎదురుచూస్తూ సైన్యం తీరంలోనే ఆగిపోయింది. టర్కీ సేనలు ఎదుటి కొండలెక్కేశాయి. ఈసారి నింద ముఖ్యంగా సేనాని స్టాప్‌ఫర్డ్ మీద పడింది, ఆయన ఉద్యోగం పోయింది. ఇంజనీర్లు నేర్చుకున్నది ఇంకొకటి. మనుషుల్ని దింపే పడవ ఒక్కటే చాలదు, వాళ్లతో పాటు బండి, ఫిరంగి, నీళ్ల పీపా కూడా దిగాలి. అంటే వాలుబల్ల మనిషి నడిచేంత కాక, బండి దొర్లేంత వెడల్పు ఉండాలి.

ఎక్స్-లైటర్లు మాత్రం ఆ తరువాత కూడా నీళ్లనూ మందుగుండునూ క్షతగాత్రులనూ మోస్తూనే ఉన్నాయి. 1915 డిసెంబరులో, 1916 జనవరిలో గల్లిపోలి ఖాళీ చేసినప్పుడు సైన్యాన్ని వెనక్కి తెచ్చిన పడవల్లో ఇవీ ఉన్నాయి.

పాఠం ఎవరు చదివారు?

ఇదే సమయంలో నల్లసముద్రంలో రష్యన్లు మరో దారిన ఇదే జవాబుకు చేరువయ్యారు. అజోవ్ సముద్రంలో లోతు తక్కువ. అక్కడ ధాన్యం మోసే ఎల్పిదిఫోర్ రకం సరుకు ఓడలకు ఇంజన్లు వెనుక ఉంటాయి. బరువంతా వెనుకే కనుక ముందుభాగం పైకి తేలి ఉంటుంది. సైన్యాన్ని దింపడానికి ఇవే అనువైనవని రష్యన్ నౌకాదళం గుర్తించి, అదే నమూనాలో సొంతంగా ఓడలు కట్టించడం మొదలుపెట్టింది. వ్యాపారి తన అవసరానికి కనిపెట్టినది సైన్యానికి పనికొచ్చిందన్నమాట.

యుద్ధం ముగిశాక బ్రిటన్ ఎక్స్-లైటర్లను అమ్మేసింది. సుమారు పాతిక స్పెయిన్ చేతికి వచ్చాయి. 1925 సెప్టెంబరు 8న మొరాకో తీరంలోని అల్ హొసైమా అఖాతం దగ్గర స్పెయిన్ సేనలు వాటి మీదే దిగాయి. ఈసారి ట్యాంకుల్ని కూడా ఎక్కించారు. పడవలు ఒడ్డుకు కొన్ని పదుల మీటర్ల దూరంలో ఆగాయి. సైనికులు నీళ్లలో నడిచి వెళ్లారు, ట్యాంకులు పడవల్లోనే ఆగి తరువాత దిగాయి. 50 మీటర్ల నీళ్లలో మనిషి నడవగలడు, ట్యాంకు నడవలేదు. పదేళ్ల కిందటి లోతు లెక్కే మళ్లీ ఎదురైంది.

బ్రిటన్‌లో గల్లిపోలి పేరు చెబితే ఓటమే గుర్తుకొచ్చేది. ఆ విషయం మీద డబ్బు పెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు. 1920లలో యంత్రంతో నడిచే కొత్త దింపుడు పడవల్ని తయారుచేశారు గాని, రెండో యుద్ధం ముందు లెక్క చూస్తే వాటి సంఖ్య పదికి మించలేదు.

గల్లిపోలిని పాఠ్యపుస్తకంలా చదివినది జపాను సైన్యం. వాళ్ల డైహత్సు పడవ పొడవు సుమారు 14 మీటర్లు. 70 మంది సైనికుల్నో పది టన్నుల సరుకునో మోసేది, ముక్కు మొత్తం కిందికి వాలి బల్లగా మారేది. కానీ చిన్న పడవ సముద్రం దాటలేదు, పెద్ద ఓడ ఒడ్డెక్కలేదు. అందువల్ల తల్లీపిల్లల ఏర్పాటు కావాలి. మామూలు ఓడలో పడవల్ని ఒక్కొక్కటిగా కప్పీలతో నీళ్లలోకి దించి, సైనికుల్ని నిచ్చెనల మీద దింపాలి. ఊగే సముద్రంలో ఆ పనికి గంటలు పడుతుంది. టాంగాలో రైలు గెలిచింది ఆ గంటల్లోనే.

1934లో నీళ్లలోకి దిగిన షిన్షు మారు ఈ చిక్కు విప్పింది. దాని కడుపులోనే పాతికకు పైగా డైహత్సులు వరసగా ఉంటాయి. సైనికులు ఓడ లోపలే, ఊపు లేని చోట, వాటిలో ఎక్కి కూర్చుంటారు. ఓడ వెనుక తలుపులు తెరిస్తే నిండు పడవలు వాలు మీదుగా జారి నీళ్లలో పడతాయి. రివర్ క్లైడ్ తలుపులోంచి మనిషి మనిషి వచ్చాడు. ఈ తలుపులోంచి పడవకు పడవే వచ్చింది. 1937లో చైనా యుద్ధంలో ఈ ఓడనూ డైహత్సులనూ బ్రిటిష్, అమెరికన్ అధికారులు కళ్లారా చూసి తమ దేశాలకు నివేదికలు పంపారు. వాలే ముక్కు ఫొటోలు వాషింగ్టన్ చేరినా, అమెరికాలో హిగ్గిన్స్ తన 36 అడుగుల పడవకు వాలుబల్ల అమర్చినది 1941లోనే.

మునకను మార్చుకునే ఓడ

లోతు కోరే సముద్రానికీ చదును కోరే తీరానికీ ఒకే ఓడ ఎలా సరిపోతుందన్న మొదటి ప్రశ్నకు జవాబు కూడా 1941లోనే వచ్చింది. అమెరికన్ నౌకా ఇంజనీరు జాన్ నీడర్‌మేయర్ ఎల్‌ఎస్‌టీ అనే ట్యాంకుల ఓడకు నమూనా గీశాడు. అందులో కిటుకు నీళ్ల తొట్లు. సముద్రం మీద పోయేటప్పుడు తొట్లను సముద్రపు నీటితో నింపుతారు. ఓడ బరువెక్కి లోతుకు మునిగి, నిలకడగా పోతుంది. ఒడ్డు దగ్గరకు వచ్చాక నీళ్లు తోడేస్తారు. అప్పుడు ముందు మునక మూడడుగులకు, వెనుక సుమారు పదడుగులకు తగ్గుతుంది. ఓడ అడుగు వాలు 50కి 1, అంటే మనం మొదట వేసుకున్న తీరపు వాలే. తిరిగి వెనక్కి ఎలా వస్తుంది? ఒడ్డు చేరకముందే వెనుక ఒక లంగరు దించి వస్తారు. దాని తాడును చుట్టుకుంటూ ఓడ తనను తాను వెనక్కి లాక్కుంటుంది. ముక్కు రెండు రెక్కలుగా తెరుచుకుంటుంది, లోపలి వాలుబల్ల దిగుతుంది. యుద్ధం ముగిసేలోగా ఇటువంటివి వెయ్యికి పైగా కట్టారు.

తల్లీపిల్లల పద్ధతి కూడా పోలేదు. 2007లో మన నౌకాదళంలో చేరి, విశాఖపట్నం కేంద్రంగా ఉన్న ఐఎన్ఎస్ జలాశ్వ ఆ కోవలోదే. దాని వెనుకభాగాన్ని కావాలనే నీటితో నింపుతారు. ఓడ లోపలే ఒక చిన్న రేవు ఏర్పడుతుంది. పడవలు తేలుతూ బయటికి వస్తాయి. తుఫాను రేవును పాడుచేసినచోట కూడా మనుషులకు తిండీ మందులూ చేర్చడానికి ఇటువంటి ఓడ పనికొస్తుంది. యుద్ధం కోసం నేర్చుకున్న విద్యకు అంతకన్నా మంచి ఉపయోగం ఏముంటుంది?

ఇక మొదట చెప్పిన సిపాయిల మాట. మంచి పడవలుంటే టాంగాలో గెలిచేవారని చెప్పలేం. అక్కడ తప్పిన లెక్కలు చాలా ఉన్నాయి. జనరల్ ఐట్కెన్ పదవీ దాంతోనే పోయింది. అయితే సముద్రంలో దిగి, తడిసిన బట్టలతో, ఎన్నడూ చూడని నేల మీదికి ఎక్కిన మనిషి ధైర్యాన్ని తూచేముందు, అతణ్ని అక్కడికి ఏ తలుపులోంచి పంపారో చూడాలి. రివర్ క్లైడ్ తలుపుల దగ్గర పడిపోయిన ఐరిష్ యువకుల్ని ఎవరూ పిరికివాళ్లనలేదు, అది న్యాయమే. మడ అడవి ముందు నీళ్లలోకి దిగిన మద్రాసు, హైదరాబాదు పటాలాల వాళ్లకు కూడా ఆ న్యాయం అందాలి. చనిపోయిన సిపాయిలకు టాంగాలో ఒక స్మారకం ఉంది. ఓడలకు వెడల్పాటి తలుపులు వచ్చింది వాళ్లు పోయిన చాలా ఏళ్లకు.